మనసూ, మెదడూ, మందు డబ్బా

మన తెలుగులో మనిషి ఆలోచనకు ఒక్కచోట కాపురం లేదు. ధైర్యం గుండెలో ఉంటుంది. బిడ్డ చేసిన తప్పును తల్లి కడుపులో పెట్టుకుంటుంది. కోపం ముక్కు మీద, గర్వం నెత్తి మీద. తెలివితక్కువ పని చేసినవాణ్ణి మాత్రం "నీ మెదడు మోకాల్లో ఉందిరా" అంటాం. ఇన్ని అవయవాలకు ఇన్ని ఉద్యోగాలు పంచిపెట్టిన మన భాష అసలు ఉద్యోగిని తిట్టేటప్పుడు తప్ప తలుచుకోదు. ఆ ఉద్యోగిని గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. మెదడుకూ ఆలోచనకూ, మెదడుకూ నడవడికకూ ఉన్న సంబంధాన్ని చూసే శాస్త్రాన్ని నాడీ మనస్తత్వ శాస్త్రం అంటారు. పేరు బరువుగా ఉంది గాని దానికి కావలసిన ఉదాహరణలన్నీ మా పొలం గట్ల మీదే ఉన్నాయి.

మాది పత్తి, మిరప వేసే ఇల్లు. ఒకవైపు గుంటూరు, ఇంకొకవైపు ప్రకాశం. 2022లో జిల్లాలు విడదీసి పల్నాడు, బాపట్ల అని కొత్త పేర్లు పెట్టినా కింద ఉన్నది అదే నల్లరేగడి. ఆ నేల మీద మెదడును గురించి నేను చెప్పబోయే సంగతి ఒక్కటే. పురుగును చంపడానికి మనం కొట్టే మందు పురుగు నాడుల్లో ఏ తలుపు తడుతుందో, మన మెదడులోనూ అదే తలుపు తడుతుంది.

ముందు మెదడు సంగతి కొంచెం. దాని బరువు 1,300 నుంచి 1,400 గ్రాములు. మనిషి బరువులో యాభయ్యో వంతు కూడా ఉండీ ఉండనట్టు ఉంటుంది గాని, తిన్న తిండిలోంచి వచ్చే శక్తిలో ఐదో వంతు అదే లాగేస్తుంది. అందులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. ఈ ముద్దే మాటకూ, బుద్ధికీ, ఓర్పుకూ ఆధారమని మొదట్లో దెబ్బల వల్లే తెలిసింది. 1848లో అమెరికాలో రైలుదారి వేయించే ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీకి పేలుడులో ఒక ఇనుప గడ్డపార దవడ కింద నుంచి దూరి నడినెత్తిలో బయటికొచ్చింది. మనిషి బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. నెమ్మదస్తుడనీ, మాట మీద నిలబడేవాడనీ పేరున్నవాడు మాత్రం నోటి దురుసు, నిలకడలేనివాడు అయ్యాడని అతనికి వైద్యం చేసిన డాక్టరు రాశాడు. తెలిసినవాళ్లు ఇతను మన గేజ్ కాదన్నారట. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు "టాన్" అనే ఒక్క మాట తప్ప ఏమీ పలకలేని రోగి మెదడును, అతను చనిపోయాక పరీక్షించి, ఎడమవైపు ముందు భాగంలో దెబ్బ తిన్న చోటు చూపించాడు. ఇవి ప్రతి పుస్తకంలోనూ ఉండే కథలే. నాకు వాటి మీద ఒక చిన్న ఫిర్యాదు ఉంది. వీటిని చదివితే, స్వభావం మారాలంటే గడ్డపారే దిగాలని అనిపిస్తుంది. అక్కర్లేదు. ఒక చుక్క చాలు.

చుక్క ఎలా చాలుతుందో తెలియాలంటే రెండు నాడీకణాల మధ్య ఉన్న సందును చూడాలి. ఒక కణం చివర ఇంకొక కణాన్ని తాకదు. మధ్యలో ఖాళీ ఉంటుంది. మిల్లీమీటరును యాభై వేల ముక్కలు చేస్తే ఒక ముక్కంత సందు. కబురు ఆ సందును ఎలా దాటుతుంది? కరెంటులాగా దూకుతుందని కొందరూ, ఏదో ద్రవం మోసుకుపోతుందని కొందరూ వాదించుకుంటున్న రోజుల్లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఒట్టో లోవీ అనే శాస్త్రజ్ఞుడికి నిద్రలో ఒక ప్రయోగం తోచింది. లేచి కాగితం మీద గిలికి పడుకున్నాడు. తెల్లారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మళ్లీ అదే కల. ఈసారి కాగితాన్ని నమ్మలేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి తిన్నగా ప్రయోగశాలకు పోయాడు. రెండు కప్పల గుండెలు తీసుకుని, ఒకదానికి అంటి ఉన్న నాడిని ప్రేరేపించాడు. గుండె వేగం తగ్గింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండె మీద పోశాడు. ఏ నాడీ లేని రెండో గుండె కూడా మెల్లబడింది. కబురు మోసుకుపోయేది రసాయనమే అని తేలిపోయింది. 1921లో ప్రచురించిన ఆ పనికి, హెన్రీ డేల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడితో కలిపి లోవీకి 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రసాయనం పేరు ఎసిటైల్‌కోలిన్. ఇక్కడో తమాషా ఉంది. కలలు ఎక్కువగా వచ్చే నిద్రలో మెదడులో ఈ రసాయనమే జోరుగా ఊరుతుంటుంది. లోవీ ఏ పదార్థం కోసం వెతుకుతున్నాడో ఆ పదార్థమే ఆయనకు కలలో దారి చూపించిందన్నమాట.

ఎసిటైల్‌కోలిన్ కండరాన్ని కదిలిస్తుంది, నోట్లో నీరు ఊరిస్తుంది, గుండెను నెమ్మదిపరుస్తుంది. మెదడులోనైతే ధ్యాస నిలపడం, కొత్త సంగతిని గుర్తుపెట్టుకోవడం దాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటాయి. లెక్చరరుగారు బోర్డు మీద రాస్తున్నప్పుడు కిటికీ బయట బస్సు హారన్ వినిపించినా మన చూపు బోర్డు మీదే నిలిచిందంటే దానిలో ఈ రసాయనం పని ఉంది. నిలవలేదంటే దానికి వేరే కారణాలు చాలా ఉంటాయి, అది వేరే సంగతి.

సాగర్ కుడి కాలువ కింద పొలం ఉన్నవాళ్లకు తర్వాతి మాట విడమరచి చెప్పనక్కర్లేదు. తూము ఎత్తడం ఎంత ముఖ్యమో దించడం అంత ముఖ్యం. దించకపోతే చేను మునుగుతుంది. నాడీకణాల సందులో తూము దించే పని ఒక ఎంజైముది. పేరు ఎసిటైల్‌కోలినెస్టరేజ్. కబురు అందిన మరుక్షణం అది ఎసిటైల్‌కోలిన్‌ను ముక్కలు చేసేస్తుంది. ఒక్క ఎంజైము అణువు సెకనుకు కొన్ని వేల అణువులను విరిచేయగలదు. ఇంత చురుకైన పనివాడు మన ఒంట్లో ఇంకొకడు ఉండటం అరుదు. ఈ పనివాడి చేతులు కట్టేస్తే ఏమవుతుందన్నదే మన కథ.

అక్కడికి పోయేముందు గట్టు మీద మొలిచే మొక్కల్ని చూద్దాం. పొగాకు, ఉమ్మెత్త, మిరప, వంగ, టమాటా అన్నీ ఒకే కుటుంబం. వృక్షశాస్త్రం క్లాసులో ఈ సంగతి వింటే పెద్దగా ఏమీ అనిపించదు. అదే నాడుల వైపు నుంచి చూస్తే ఆ కుటుంబం గొప్ప చిలిపిది. పొగాకులో నికొటిన్ ఉంది. అది ఎసిటైల్‌కోలిన్ కూర్చోవలసిన పీటల్లో ఒక రకం పీట మీద తాను పోయి కూర్చుంటుంది. తడిసిన పొగాకు ఆకు కోసే కూలీలకు తల తిరగడం, వాంతులు కావడం చర్మంలోంచి ఇంకిన నికొటిన్ వల్లే. మా పెద్దలు పేనుబంకకు పొగాకు కషాయం చల్లేవారు. ఇప్పుడు సీసాల్లో అమ్మే ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్ పురుగు ఒంట్లో కూర్చునేదీ ఆ పీట మీదే. కాకపోతే అవి మనిషి పీట కంటే పురుగు పీటను ఎక్కువగా పట్టుకునేట్టు తయారుచేసినవి.

ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపొలమిన్ రెండో రకం పీటను మూసేస్తాయి. అప్పుడు ఎసిటైల్‌కోలిన్ వచ్చినా కూర్చునే చోటు ఉండదు. ఉమ్మెత్త గింజలు తిన్న మనిషిని చూసినవాళ్లు చెప్తారు: నోరు ఎండిపోతుంది, కంటిపాప పెద్దదవుతుంది, లేనివాళ్లతో మాట్లాడతాడు, గాల్లో ఏవో ఏరుతుంటాడు, తేరుకున్నాక తాను చేసిందేదీ గుర్తుండదు. దానికి దయ్యం పట్టిందని పేరు పెట్టిన ఊళ్లున్నాయి. గడ్డపార లేదు, దెబ్బ లేదు, తలలో రక్తం లేదు. కొన్ని గింజలు మనిషి ధ్యాసనూ, జ్ఞాపకాన్నీ, నడతనూ కొన్ని గంటల పాటు ఎత్తుకుపోయాయి. మనసుకూ రసాయనానికీ ఉన్న బంధుత్వానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మిరప సంగతి వేరు. కారం అసలు రుచే కాదు, నొప్పి. కాయలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నాడీకొసలను తడుతుంది. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకునే తలుపును అది చల్లగా ఉన్నప్పుడే తెరుస్తుంది. మెదడు పాపం దాన్ని నమ్మి నాలుక కాలుతోందనుకుని చెమటలు పట్టిస్తుంది. ఆ తలుపును 1997లో పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. చిలకల్లో ఆ తలుపుకు క్యాప్సైసిన్ పట్టదు, అందుకే అవి మా చేలో పండు మిరపకాయను హాయిగా కొరుక్కు తింటాయి. ఈ పిట్టకథ ఎందుకంటే, మిరప మనల్ని మోసం చేసినా అరిచి చెప్పి మరీ చేస్తుంది. కోతకు పోయిన కూలీ చేతులు రాత్రంతా మండుతూనే ఉంటాయి. పురుగుమందుల్లో చాలా వాటికి ఆ మర్యాద లేదు. చొక్కా తడిసి వీపు మీద పారినా మంట పుట్టదు. చర్మంలోంచి సద్దు లేకుండా లోపలికి ఇంకిపోతుంది. మంట లేదు గనక ప్రమాదమూ లేదని శరీరం మనకు అబద్ధపు సాక్ష్యం చెప్తుంది.

1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పంటల పురుగులను చంపే మందుల కోసం భాస్వరపు సమ్మేళనాలతో పనిచేస్తూ ఒక పదార్థం తయారుచేశాడు. దాని ఆవిరి కొంచెం తగిలేసరికి ఆయనకే చూపు మసకబారింది, ఊపిరి ఆడలేదు. ఆ పదార్థాన్ని సైన్యం తీసుకుపోయి తబూన్ అని పేరుపెట్టింది. యుద్ధ విషవాయువుల్లో నాడులను కొట్టే జాతికి అది పెద్దబిడ్డ. అదే వంశంలో కొంచెం మెత్తనివి పొలాలకు వచ్చాయి: పారాథియాన్, మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్. మా ప్రాంతంలో చదువు రాని ముసలాయన కూడా తడుముకోకుండా చెప్పే ఇంగ్లీషు మాటలు ఇవే. ఇవన్నీ చేసే పని ఒక్కటే. తూము దించే ఎంజైమును పట్టుకుని వదలవు. పురుగు నాడుల్లో వరద వచ్చి, అది వణికి చస్తుంది. కొట్టేవాడి నాడుల్లోనూ ఉన్నది అదే ఎంజైము.

ఎక్కువ మోతాదు తగిలినప్పటి లక్షణాలు మా వైపు అందరికీ తెలిసినవే. చొంగ కారుతుంది, కళ్లవెంట నీళ్లు, కడుపులో తిప్పడం, కండలు అదరడం, కంటిపాప ఆవగింజంత అయిపోవడం. ఆసుపత్రిలో దానికి ఇచ్చే మొదటి మందు అట్రోపిన్, ఉమ్మెత్తలో ఉండేదే. ఒక విషం పీటల దగ్గర వరద తెస్తే ఇంకొకటి ఆ పీటలకు మూత వేస్తుంది. (ఇది చదివి ఎవరూ ఉమ్మెత్త కాయ కోయవద్దు. గింజ గింజకూ విషం మోతాదు మారుతుంది. డాక్టరు చేతిలో సూదికి లెక్క ఉంది, గట్టు మీద కాయకు లెక్క లేదు.) నేను చెప్పదలచుకున్నది ఆసుపత్రి దాకా పోని మోతాదు గురించి. మందు కొట్టి వచ్చిన సాయంత్రం తలపోటు. ఊరికే చిరాకు. పిల్లాడు బలపం కింద పడేసినా కసురు. రాత్రి నిద్ర పట్టక, పట్టినా పిచ్చి కలలు. సంచిలో ఏం తేవాలనుకున్నాడో కొట్టు దాకా పోయి మర్చిపోవడం. వీటిని మా ఇళ్లలో అలసట అంటారు, లేకపోతే "వాడి గుణమే అంత" అంటారు. ఈ రెండో మాట దగ్గరే నాకు ఆగాలనిపిస్తుంది. చిరాకూ, మతిమరుపూ, దిగులూ ఎసిటైల్‌కోలిన్ వరదకు మెదడు చెప్పే జవాబుల్లో ఉన్నాయని వైద్య గ్రంథాల్లో ఉంది. మనిషి గుణమని మనం రాసిపెట్టిన దానిలో కొంత డబ్బాలోంచి వచ్చిందేమో!

ఇంకొక లెక్క చూడండి. ఈ భాస్వరపు మందులు పట్టుకున్న ఎంజైము కొంతసేపటికి శాశ్వతంగా పాడవుతుంది. శరీరం కొత్తది చేసుకోవలసిందే. ఎర్ర రక్తకణాల్లో ఈ ఎంజైము కోలుకునే వేగం రోజుకు సుమారు ఒక శాతం. అంటే ఒకనాటి స్ప్రేకి ఇరవై శాతం పోతే తిరిగి రావడానికి దాదాపు ఇరవై రోజులు. మరి మనం పది రోజులకోసారి కొడుతున్నాం. అప్పు తీరకముందే కొత్త అప్పు. మా ఊళ్లో ఈ వరసను గురించి ఎవరికీ కొత్తగా నేర్పక్కర్లేదు, బ్యాంకులో కంటే ఒంట్లో జరుగుతోందన్నదే కొత్త.

మందు కొట్టేవాడు మగవాడని పుస్తకాలు అనుకుంటాయి. మా చేలో తైవాన్ స్ప్రేయరు వీపున మోసేది మా నాయనే. డ్రమ్ములో నీళ్లు పోసి, చిక్కటి మందును మూతతో కొలిచి, కర్రతో కలిపి, ట్యాంకు ఖాళీ కాగానే నింపేది మా అమ్మ. ఒక్కోసారి కర్ర కనపడకపోతే చెయ్యే కర్ర. పలచనయ్యాక చల్లేవాడి కంటే చిక్కగా ఉన్నప్పుడు కలిపేవాళ్లకు ఆపద తక్కువేమీ కాదు. 2005లో అచ్చయిన ఒక పరిశోధనలో మన దేశంలోని మూడు గ్రామాల పత్తి రైతుల సంగతి ఉంది. యాభై మంది ఆడవాళ్లు తమకూ, తమ ఇంటి మగవాళ్లకూ మందు పనప్పుడు వచ్చిన బాధలను సీజను పొడవునా చెప్తూ వచ్చారు. లెక్కకు వచ్చిన 323 సందర్భాల్లో 83.6 శాతం సార్లు ఏదో ఒక విష లక్షణం కనిపించింది. 6 శాతం సార్లు నాడుల మీద చాలా తీవ్రంగా పనిచేసింది. అయినా వైద్యానికి పోయినవాళ్లు ఒక్కరూ లేరు. ఈ చివరి వాక్యం చదివి నేను ఆశ్చర్యపోలేదు. మా ఇంట్లోనూ దీనికి వైద్యం మజ్జిగ తాగి పడుకోవడమే.

ఆ బాధ తగ్గాక ఏమవుతుంది? ఇక్కడే నాడీ మనస్తత్వ శాస్త్రం మిగతా వైద్యం కంటే ఒక మెట్టు ముందుకు పోయింది. 1988లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. ఎప్పుడో గతంలో ఈ మందుల విషం తగిలి కోలుకున్న వంద మందిని, వయసూ చదువూ వగైరాల్లో వాళ్లకు సరిపోయే ఇంకొక వంద మందితో జతలు కట్టి పరీక్షించారు. డాక్టరు మోకాలి మీద సుత్తితో తట్టి చూసే మామూలు నాడీ పరీక్షల్లో తేడా పెద్దగా దొరకలేదు. మెదడు తరంగాల చిత్రంలోనూ అంతే. కాగితం, పెన్సిలు, గడియారం పెట్టుకుని ఆలోచనను కొలిచే పరీక్షల్లో మాత్రం తేడా బయటపడింది. ఒక విషయంలోంచి ఇంకొక విషయానికి బుద్ధిని మళ్లించడం, చేతి చురుకుదనం వంటి వాటిలో విషం తగిలినవాళ్లు వెనకబడ్డారు. మెదడు దెబ్బతిన్నవాళ్లకు వచ్చేటంత తక్కువ మొత్తం మార్కులు రెండో జట్టులో 12 మందికి వస్తే, వీళ్లలో 24 మందికి వచ్చాయి.

ఆ పరీక్షలు చూడటానికి చిన్నపిల్లల ఆటల్లా ఉంటాయి. వరసగా అంకెలు చెప్పి, వాటిని వెనకనుంచి ముందుకు చెప్పమంటారు. అంకెలకు గుర్తులు ఇచ్చి, తొంభై సెకన్లలో ఎన్ని గళ్లు నింపుతావో చూస్తారు. కాగితం మీద చెల్లాచెదురుగా ఉన్న చుక్కల్ని వరసలో గీతతో కలపమంటారు. ఎక్స్‌రేకు దొరకని దెబ్బ వీటికి దొరుకుతుంది. ఎముక విరిగితే కనిపిస్తుంది. లెక్క ఆలస్యంగా తేలడం, పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం ఎక్కడ కనిపిస్తాయి? మనిషి చేసే పనిలోనే కనిపించాలి.

ఇంకొక విడ్డూరం చెప్పి ముందుకు పోతాను. ముసలితనంలో జ్ఞాపకాన్ని తినేసే ఆల్జీమర్స్ జబ్బులో ఎసిటైల్‌కోలిన్ తయారుచేసే కణాలు చాలా నశిస్తాయి. ఉన్న కాస్త రసాయనమైనా ఎక్కువసేపు నిలవాలని డాక్టర్లు అదే తూము దించే ఎంజైమును మెత్తగా అడ్డుకునే బిళ్లలు ఇస్తారు. అమెరికాలో 1996లో అనుమతి పొందిన డొనెపెజిల్ అలాంటిదే. అంటే జ్ఞాపకం కోసం మింగే బిళ్లా, పత్తికి కొట్టే మందూ ఒకే ఎంజైమును పట్టుకుంటాయి. ఒకటి కొలిచి, తిరిగి వదిలేట్టు. ఇంకొకటి కొలత లేకుండా, వదలకుండా. తక్కువైనా మతిమరుపే, వరదైనా మతిమరుపే.

ఇక మా జిల్లాల పేరు దేశమంతా మోగిన సంవత్సరం గురించి రాయకుండా ఈ వ్యాసం దాటలేను. 1980ల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు పత్తి చేలలోకి వచ్చాయి. మొదట పురుగు పడిపోయింది, దిగుబడి పెరిగింది. ఆ తర్వాత శనగపచ్చ పురుగు వాటికి తట్టుకోవడం నేర్చింది, తెల్లదోమ విరుచుకుపడింది. ఒక్క పంటకు ఇరవై సార్లు, ముప్పై సార్లు కొట్టామని ఆనాటి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పంట పోయి, అప్పులు మిగిలి, పత్తి రైతులు పదుల సంఖ్యలో ఆత్మహత్య చేసుకున్నారు. పదేళ్లకు, 1997-98లో వరంగల్ వైపు అదే విషాదం.

మందుల వల్ల మెదడు కుంగి అలా చేశారని చెప్పేవాళ్లున్నారు. ఈ మందులకూ దిగులుకూ సంబంధం చూపిన పరిశోధనలు ఉన్న మాట నిజమే. కాని అప్పునూ, నకిలీ మందునూ, ధర లేకపోవడాన్నీ ఎంజైము మీదికి నెట్టేయడం నాకు నచ్చదు. అది రైతు బాధకు కారణం రైతు తలలోనే ఉందని చెప్పడమే అవుతుంది. శాస్త్రం ఇక్కడ చెప్పగలిగింది ఇంకొకటి ఉంది, అది మరింత పనికొచ్చేది. చావాలన్న తలపు చాలామందిలో ఎప్పుడూ ఉండే నిశ్చయం కాదు. ఒక ఉద్రేకపు గడియ. ఆ గడియ దాటితే మెదడు ముందుభాగం మళ్లీ పగ్గాలు అందుకుంటుంది, మనిషి నిలబడతాడు. శ్రీలంకలో 1995 నుంచి అతి విషపు మందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చారు. పదేళ్లలో అక్కడి ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి పడిపోయింది. అక్కడి వాళ్ల కష్టాలు సగం కాలేదు. ఆ గడియలో ప్రాణం తీసే డబ్బా చేతికి అందలేదు. మన దేశంలో మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని 2005లోనే అన్నారు. 2013లో బీహార్‌లో బడి భోజనంలో అది కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. మన పొలాల్లో బాగా వాడిన 36 శాతం ద్రావణాన్ని నిషేధిస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది మాత్రం 2023లో.

2002లో బీటీ పత్తి వచ్చాక కాయతొలుచు పురుగు మీద స్ప్రేలు తగ్గాయి. ఆ ఊరట ఎల్లకాలం నిలవలేదు. గులాబీ పురుగు తట్టుకుంది, రసం పీల్చే పురుగులకు కొట్టడం తప్పలేదు. మిరపలో 2021-22లో నల్ల తామరపురుగు పూతలోకి దూరి తోటలకు తోటలు పీకించింది. ఆ ఏడు ఎవరేం చెప్తే అది కొట్టారు, రెండు మూడు మందులు ఒకే డ్రమ్ములో కలిపి మరీ. పురుగు చావలేదు గాని డ్రమ్ము దగ్గర నిలబడ్డ మనుషుల ఎంజైము సంగతి ఎవరూ అడగలేదు.

అడిగే పద్ధతి లోకంలో లేకపోలేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1974 నుంచి ఒక నియమం ఉంది. ఈ మందులు తరచుగా కలిపే, కొట్టే కూలీలకు సీజను మొదలవకముందే రక్తం తీసి ఎంజైము ఎంత ఉందో రాసిపెడతారు. అది ఆ మనిషి సొంత కొలత. మనిషికీ మనిషికీ ఇది సహజంగానే తేడాగా ఉంటుంది గనక పక్కవాడి కొలత పనికిరాదు. మధ్యమధ్య మళ్లీ చూస్తారు. ఎర్రకణాల ఎంజైము సొంత కొలతలో 70 శాతానికి పడిపోతే మనిషిని మందు పనిలోంచి తప్పించాలి. 80 శాతానికి తిరిగి వచ్చేదాకా మళ్లీ పంపు పట్టించకూడదు. ఇందులో గొప్ప యంత్రాలేమీ లేవు. ఒక గొట్టం రక్తం, ఒక రంగు మారే పరీక్ష. గుంటూరులో 1946 నుంచి వైద్య కళాశాల ఉంది, లాంలో మిరప మీదా పత్తి మీదా పరిశోధన చేసే కేంద్రం ఉంది, బాపట్లలో 1945 నాటి వ్యవసాయ కళాశాల ఉంది. యార్డుకు పోయిన మిరపకాయలో తేమ ఎంతో చూస్తారు, పత్తి పింజ పొడవు మిల్లీమీటర్లలో కొలుస్తారు, మట్టికి పరీక్ష కార్డు ఇస్తారు. పండించినవాడి సొంత కొలత ఏ కార్డు మీదా లేదు.

సంక్రాంతి సెలవుల్లో నేను ఇంటి దగ్గర చేసిన ఒక చిన్న పని ఉంది. దాన్ని ప్రయోగం అనడానికి వీల్లేదు. ముప్పై సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకుని, కింద వేళ్లు తెరిచి ఉంచమని చెప్పి, చెప్పకుండా వదలాలి. ఎన్ని సెంటీమీటర్లు జారాక పట్టుకుంటే మెదడు అంత ఆలస్యం చేసినట్టు. 15 దగ్గర పట్టుకుంటే సెకనులో వెయ్యో వంతులు సుమారు 175, 20 దగ్గరైతే 202. "ఏందిరా ఇది, చదువుకోమని పంపితే స్కేళ్లు వదులుతున్నావు" అన్నాడు నాయన. అన్నా, ఐదు సార్లూ పట్టాడు. సగటున 22 దగ్గర. బాబాయి 19. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చిన అమ్మ 24 దగ్గర పట్టి, "పొగకి కళ్లు మండుతున్నాయిలే" అంది. ఈ అంకెల నుంచి నేను తేల్చగలిగింది ఏమీ లేదు. వయసూ, నిద్రా, పొగా అన్నీ అందులో ఉన్నాయి. పైగా అప్పటికే మిరపకు ఎన్నో స్ప్రేలు అయిపోయాయి. ఇరవై ఏళ్ల కింద, మొదటిసారి పంపు భుజానికెత్తకముందు నాయన ఎంతలో పట్టేవాడో కొలిచినవాడు లేడు. సొంత కొలత లేని అంకె పక్కన పెట్టి చూసుకోవడానికి ఇంకొక అంకె ఉండదు.

అందుకని నా రికార్డు పుస్తకం వెనక పేజీలో గళ్లు గీసుకున్నాను. జూన్‌లో, ఆ ఏడు మొదటి మందు కొట్టకముందు ఒకసారి. పంట మధ్యలో, స్ప్రే అయిన మర్నాడు ఒకసారి. స్కేలుతో పాటు అంకెలు వెనక్కి చెప్పడం కూడా. మూడు వరసలకు మూడు పేర్లు రాశాను. నాయన పుస్తకం అందుకుని చూసి, వేలితో నాలుగో వరస చూపించి, మాకు మందు కొట్టడానికి కూలికి వచ్చే మనిషి పేరు అక్కడ రాయమన్నాడు. మేం మా చేలో పది రోజులకోసారి కొడతాం. ఆయన వారానికి ఆరు రోజులు, ఆరు చేలల్లో కొడతాడు.